అంతేవాసి: కృతకాలము నుండి ఇంటర్న్‌షిప్ వరకు

ఛాందోగ్యోపనిషత్తు చతుర్థాధ్యాయములో సత్యకామ జాబాలుని వృత్తాంతమును ఎరుగని జిజ్ఞాసువు ఉండడు. తన గోత్రము తెలియదని నిర్భయముగా చెప్పిన ఆ బాలుని హారిద్రుమత గౌతముడు శిష్యునిగా స్వీకరించెను. అంతవరకు అందరికీ గుర్తున్నదే. ఆ తరువాత గురువు చేసిన మొదటి పని మాత్రము మన ప్రవచనములలో తరచుగా ఒక వాక్యముతో దాటిపోవుచున్నది. ఆయన పాఠము చెప్పలేదు. మందలోనుండి కృశించిన, బలహీనమైన నాలుగు వందల గోవులను వేరు చేసి, వీటిని అనుసరించి పొమ్మనెను. ఇవి వేయి కానిదే తిరిగి రానని శిష్యుడు పలికెను. అనేక సంవత్సరములు అడవిలో గడచినవి. వృషభము ఒక పాదమును, అగ్ని ఒక పాదమును, హంస ఒక పాదమును, మద్గువను నీటిపక్షి ఒక పాదమును బ్రహ్మమును గూర్చి ఉపదేశించినవి.

అద్వైత సంప్రదాయములో దీనిని చిత్తశుద్ధికి సాధనమైన కర్మగా వ్యాఖ్యానించుట ఉచితమే. అయితే చరిత్రకారుని దృష్టితో చూచినపుడు ఇందులో మరియొక సంగతి కనబడును. బక్కచిక్కిన నాలుగు వందల పశువులను వేయి చేయుటకు మేత తెలియవలెను, నీటి జాడ తెలియవలెను, రోగము తెలియవలెను, ఋతువు తెలియవలెను. ఇది నిజమైన పని. ఫలితమును లెక్కపెట్టవచ్చును. గురువునకు గోసంపద పెరిగినది, శిష్యునకు జ్ఞానము కలిగినది. ఇరువురిలో ఎవరును నష్టపోలేదు.

అదే అధ్యాయములో కొంచెము ముందుకు పోయినచో శ్రుతి మనకు ఇంకొక కథ చెప్పును. ఆ సత్యకాముడే ఇప్పుడు ఆచార్యుడు. ఉపకోసల కామలాయనుడు అతని యొద్ద పన్నెండు సంవత్సరములు అగ్నులను సేవించెను. తక్కిన శిష్యులకు సమావర్తనము చేసి పంపిన ఆచార్యుడు ఇతనికి మాత్రము చేయలేదు. ఆచార్యపత్ని చూచి ఊరకుండలేకపోయెను. ఈ బ్రహ్మచారి తపించియున్నాడు, అగ్నులను చక్కగా సేవించినాడు, అగ్నులు నిన్ను నిందింపకముందే ఇతనికి చెప్పుమని ఆమె హెచ్చరించెను. ఆయన చెప్పక ప్రయాణమైపోయెను. ఉపకోసలుడు దుఃఖముతో ఆహారము మానెను. అప్పుడు అగ్నులే కరుణించి ఉపదేశించినవి. పనిచేయించుకొని విద్య చెప్పని దోషము ఉపనిషద్ద్రష్టయైన ఆచార్యునికి సైతము పట్టగలదని శ్రుతి దాచలేదు. పనిలో నేర్చి పైకివచ్చినవాడే, తన వంతు వచ్చినపుడు నేర్పుట మరచుట ఎంతటి సూక్ష్మమైన పరిశీలన!

ఈ రెండు కథల నడుమనే మన విషయము ఉన్నది. విద్యార్థి పట్టభద్రుడు కాకముందే పని అనుభవము సంపాదింపవలెనని, లేనిచో ఉద్యోగము దుర్లభమని నేడు ప్రతి కళాశాలలో చెప్పుచున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మూడేండ్ల డిగ్రీ చదువులో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను 2020-21 నుండి నిర్బంధము చేసినారు. ఇది పాశ్చాత్యుల నుండి అరువు తెచ్చిన నూతన పద్ధతియని కొందరు పెద్దలు విసుగుకొందురు. మన ధర్మశాస్త్రములు ఈ విషయమును ఎంత వివరముగా విచారించినవో తెలిసినచో ఆ విసుగు నిలువదు.

సంస్కృతములో అంతేవాసి యను పదమునకు సమీపమున వసించువాడని అర్థము. వేదాధ్యయనము చేయు శిష్యునికి కూడ ఈ పదము వాడుదురు. వ్యవహారకాండలలో మాత్రము దీనికి ప్రత్యేకార్థము ఏర్పడినది. నారదస్మృతి సేవకులను ఐదు విధములుగా విభజించి, శిష్యుడు, అంతేవాసి, భృతకుడు, అధికర్మకృత్తు అను నలుగురిని కర్మకరులనియు, ఐదవవాడు దాసుడనియు చెప్పినది. శిష్యుడు వేదవిద్యార్థి, అంతేవాసి శిల్పవిద్యార్థి, భృతకుడు కూలికి పనిచేయువాడు, అధికర్మకృత్తు పనివాండ్రపై అధికారి. నేర్చుకొనుటకు వచ్చినవాడు వేరు, కూలికి వచ్చినవాడు వేరు అను భేదమును స్మృతికారుడు మొదటనే గట్టిగా గీచినాడు. తరువాతి నియమములన్నియు ఆ గీత మీదనే నిలిచియున్నవి.

తన శిల్పమును నేర్వగోరువాడు బంధువుల అనుమతితో ఆచార్యుని సమీపమున, ఇంతకాలమని నిశ్చయించుకొని వసింపవలెను. ఆచార్యుడు తన గృహముననే భోజనము పెట్టి నేర్పవలెను. వేరొక పని చేయింపరాదు. పుత్రునివలె చూడవలెను. శిల్పము గ్రహించిన పిమ్మట అంతేవాసి యథాశక్తి గురువును సమ్మానించి, ప్రదక్షిణము చేసి మరలవలెను. దోషములేని ఆచార్యుని మధ్యలో విడిచిపోవు అంతేవాసిని బలవంతముగానైనను నిలుపవచ్చుననియు, అతడు దండార్హుడనియు కూడ నారదుడు చెప్పినాడు. ఈ భాగము నేటి చెవికి కఠోరముగా వినబడును, నిజముగా కఠోరమే. దానిని మృదువుగా చూపుట చరిత్రకు న్యాయము కాదు. అట్లే, తన శిల్పము అను మాటలో కులవృత్తి యను హద్దు ఉన్నదని కూడ ఒప్పుకొనవలెను. కుమ్మరి బిడ్డకు వైద్యశాల ద్వారము ఆ వాక్యములో తెరువబడలేదు. నేడు ఏ ఇంటి బిడ్డయైనను ఏ విద్యకైనను అంతేవాసి కావచ్చుననుట మనము సంతోషింపవలసిన మార్పు.

యాజ్ఞవల్క్యుడు ఒక్క శ్లోకములో ఇంకొక సూక్ష్మమును చేర్చినాడు. శిల్పమును ముందుగానే నేర్చుకొన్నప్పటికి, ఒప్పుకొన్న కాలము ముగియువరకు గురుగృహముననే ఉండి, గురువు పెట్టు అన్నము తినుచు, తన పని ఫలమును గురువునకే ఈయవలెనని ఆయన విధించెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దీనికి ఇచ్చిన దృష్టాంతము ఆసక్తికరమైనది. ఆయుర్వేదము మొదలగు శిల్పములను నేర్చుటకై నాలుగు సంవత్సరములు నీ ఇంట ఉందునని ఒప్పుకొన్నవాడు, నాలుగేండ్లకు ముందే విద్య పట్టుబడినను ఆ నాలుగేండ్లు ఉండవలెను. పండ్రెండవ శతాబ్దికి కొంచెము ముందువెనుకలుగా కళ్యాణ చాళుక్యుల రాజధానిలో వ్రాసిన వ్యాఖ్యానములో నాలుగేండ్ల గడువు కనబడుట కాకతాళీయమే కావచ్చును. కాని నేటి ఇంజనీరింగు విద్యార్థికి అది చిరునవ్వు తెప్పింపకమానదు.

ఈ నియమము వెనుకనున్న లెక్క గ్రహింపదగినది. మొదటి సంవత్సరమున అంతేవాసి పనికంటె నష్టమే ఎక్కువ చేయును. కఱ్ఱ పాడుచేయును, లోహము వృథాచేయును, ఆచార్యుని కాలము తినును. చివరి సంవత్సరమున అతని చేతి పని అమ్ముడుపోవును. మొదటి నష్టము చివరి లాభముతో తీరవలెను. ఆ లాభమునకు ముందే శిష్యుడు పోయినచో ఏ ఆచార్యుడును నేర్పుటకు ముందుకు రాడు. నేటి సంస్థలు కొత్త పట్టభద్రుని తీసుకొనుటకు సంకోచించుటకు కారణము కూడ ఇదియే.

ఇక ఆచార్యుని పక్షమున తప్పు జరిగినచో? కాత్యాయనుడు దీనికి సూటిగా సమాధానము చెప్పినాడు. కాత్యాయనస్మృతి పూర్ణగ్రంథముగా మనకు దక్కలేదు. నిబంధనకారులు ఉదాహరించిన శ్లోకములను కూర్చి మహామహోపాధ్యాయ పాండురంగ వామన కాణే 1933లో దానిని ప్రకటించినారు. అందులోని నియమము ప్రకారము, శిల్పమును నేర్పక ఇతర పనులు చేయించు ఆచార్యుడు పూర్వసాహసమను దండమునకు పాత్రుడగును, శిష్యుడు అతని నుండి విముక్తుడగును. కాలపు ఒప్పందము అక్కడితో చెల్లదు. శిష్యునిపై అంత కఠినమైన శాస్త్రము, ఆచార్యుడు మాట తప్పినపుడు అతనిని కూడ రాజదండము క్రిందికే తెచ్చినది.

ఈ ధర్మము సంస్కృతజ్ఞుల అధీనమున మాత్రమే ఉండలేదు. పదుమూడవ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన మితాక్షరను విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగు పద్యములలోనికి తెచ్చెను. తెలుగులో ధర్మశాస్త్రము ఈ రూపమున ఏడు వందల సంవత్సరములకు పైగా ఉన్నదన్నమాట. మన పాఠ్యక్రమములు ఆయనను వ్యాకరణకర్తగా గుర్తుంచుకొన్నంతగా ఈ గ్రంథకర్తగా గుర్తుంచుకొనలేదు.

శాస్త్రము, కర్మము అను రెండింటి సంబంధమును ఆయుర్వేదాచార్యులు చెప్పినంత స్పష్టముగా మరెవ్వరును చెప్పలేదని నా అభిప్రాయము. సుశ్రుత సంహిత సూత్రస్థానములో తొమ్మిదవ అధ్యాయమునకు యోగ్యాసూత్రీయమని పేరు. యోగ్య యనగా ఇక్కడ అభ్యాసము. శాస్త్రమంతయు చదివినవానిచేత కూడ మొదట అభ్యాసము చేయింపవలెను. బూడిదగుమ్మడి, సొర, పుచ్చ, దోస వంటి కాయల మీద కోత నేర్వవలెను. నీరు నింపిన తోలుతిత్తుల మీద భేదనము, వెండ్రుకలున్న చర్మము మీద లేఖనము, మృతపశువుల సిరల మీదను తామరకాడల మీదను వేధనము, దళసరి బట్ట అంచుల మీద కుట్టుట, గుడ్డతో చేసిన మనుష్యాకారము మీద కట్టు కట్టుట నేర్వవలెను. తరువాతనే రోగి. శాస్త్రము మాత్రమే తెలిసి కర్మ తెలియనివాడు యుద్ధమున పిరికివానివలె రోగిని చూచి దిగ్భ్రమ చెందుననియు, కర్మ తెలిసి శాస్త్రము లేనివాడు సత్పురుషుల మన్నన పొందడనియు, రాజుచే వధార్హుడనియు, ఒక్కటే తెలిసిన వైద్యుడు ఒంటిరెక్క పక్షి వంటివాడనియు సుశ్రుతము చెప్పుచున్నది.

మనము సర్టిఫికెట్టును యోగ్యతాపత్రము అందుము. ఆ మాటలోని యోగ్యతయు, సుశ్రుతుని యోగ్యయు ఒకే ధాతువు నుండి పుట్టినవి. పత్రము నిలిచినది, సొరకాయ పోయినది.

వైద్యవిద్యనే పట్టుకొని పట్టభద్రుని మొదటి ఉద్యోగమును గూర్చిన ప్రాచీన కథయొకటి చెప్పుకొనవచ్చును. బౌద్ధుల వినయపిటకములోని మహావగ్గము జీవకుని చరిత్రను చెప్పును. తక్షశిలలో ఏడేండ్లు చదివి, ఈ విద్యకు అంతమెప్పుడని అడుగగా, ఆచార్యుడు పలుగు చేతికిచ్చి, తక్షశిల చుట్టూ యోజనమంత దూరము తిరిగి ఔషధము కాని దానిని దేనినైనను తెమ్మనెను. ఏదియు కనబడలేదని జీవకుడు రిక్తహస్తములతో తిరిగి వచ్చెను. అదే పరీక్ష, అదే ఉత్తీర్ణత. ఆచార్యుడు కొద్దిపాటి దారిఖర్చు ఇచ్చి పంపెను. అది సాకేతమునకు చేరునప్పటికి అయిపోయెను. అక్కడ శ్రేష్ఠి భార్యకు ఏడేండ్లుగా తలనొప్పి. గొప్ప వైద్యులు వచ్చి ధనము పట్టుకొని పోయినారే గాని తగ్గలేదు. జీవకుడు వచ్చినాడని చెప్పగా, వైద్యుడు ఎట్టివాడని ఆమె అడిగెను. చిన్నవాడని ద్వారపాలకుడు చెప్పెను. చిన్నవాడు ఏమి చేయగలడని ఆమె నిరాకరించెను. ముందుగా ఏమియు ఈయవద్దు, నయమైన పిమ్మట తోచినది ఈయుడని జీవకుడు కబురంపెను. నయమైనది. పదునారువేలు లభించినవి.

అనుభవము లేదని తలుపు మూయుట, తలుపు తెరువనిదే అనుభవము రాకుండుట! రెండువేల సంవత్సరముల నాటి కథలోని చిక్కునకును నేటి చిక్కునకును ఏమి భేదమున్నది? జీవకుడు దానిని దాటగలిగినది తక్షశిల పేరుతో కాదు. శ్రేష్ఠి ఇంట ఆ పేరు అడిగినవారు లేరు. అతని చేతిలో నిజమైన పని ఉండెను, మొదటిసారికి ప్రతిఫలమును పణముగా పెట్టు ధైర్యమును ఉండెను.

ఇక మన ప్రాంతమునకు వత్తము. పెద్దారవీడు నల్లమల పాదములనున్న మెట్టసీమ. మార్కాపురము దానికి పట్టణము. మిరప, ప్రత్తి, కంది, వాననమ్ముకొన్న బ్రతుకు. నల్లమల సాగరపు సుంకేశుల, గొట్టిపడియ, కాకర్ల ఆనకట్టల పేర్లు ఈ ప్రాంతపు పిల్లలకు బాల్యమునుండి పరిచితములు. చరిత్రలో మాత్రము ఈ సీమ విద్యకు దూరమైనది కాదు. సమీపముననున్న త్రిపురాంతకము కాకతీయుల కాలమున శైవక్షేత్రమై, గోళకీమఠ సంప్రదాయమునకు స్థానమైనది. ఆ సంప్రదాయపు ఆచార్యుడు విశ్వేశ్వర శంభువు రుద్రమదేవి కాలమున 1261లో కృష్ణాతీరమున వేయించిన మల్కాపుర శాసనము విద్యాశాలను, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను ఒకే ధర్మసంస్థ అంగములుగా పేర్కొన్నది. వేదాధ్యాపకులతోపాటు వైద్యునికి, గణకునికి, శిల్పులకు అందులో జీవనము ఏర్పరచినారు. విద్యార్థులు ఆరోగ్యశాలలో పని నేర్చినారని శాసనము చెప్పుటలేదు. మనము చెప్పరాదు. కాని వ్యాకరణము వల్లెవేయు బాలుడు గడప దాటిన వెంటనే వైద్యుని, లెక్కలవానిని, కమ్మరిని చూచుచుండెనన్నది ఆ ఏర్పాటు వలననే తెలియును.

గిద్దలూరుకు దక్షిణముగా పోయినచో పోరుమామిళ్ల. అచ్చటి చెరువు శాసనము 1369 నాటిది, విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించినది. చెరువు నిర్మాణమునకు కావలసిన పన్నెండు అంగములను అది లెక్కించినది. వాటిలో పాథశ్శాస్త్రము, అనగా జలశాస్త్రము, తెలిసిన బ్రాహ్మణుడు ఒక అంగము. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండు సంవత్సరములు. జలశాస్త్రము తెలిసినవాడు ఒడ్డున కూర్చుండి గ్రంథము తిరగవేసియుండిన ఆ కట్ట ఆరు శతాబ్దులు నిలిచియుండునా? మార్కాపురము లక్ష్మీచెన్నకేశవస్వామి ఆలయ మండపస్తంభములను చూచినవారికి కూడ ఇదే తోచును. ఉలి పట్టుట గ్రంథము వలన రాదు. ఒక స్థపతి దగ్గర చిన్నరాళ్లు చెక్కిన చేయి క్రమముగా పెద్ద స్తంభమునకు చేరును.

1800లో ఈ సీమ దత్తమండలములలో భాగముగా ఈస్టిండియా కంపెనీకి వచ్చినది. 1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు మార్కాపురము కర్నూలు జిల్లాలో ఉండెను. కంపెనీ కచేరీలతోపాటు తెలుగులోనికి వచ్చిన మాటలలో ఉమేదువారు ఒకటి. ఆశతో ఎదురుచూచువాడని పారసీకార్థము. కచేరీలో చోటు దొరకునను ఆశతో జీతము లేక నకళ్లు వ్రాయుచు, కాగితములు కట్టలు కట్టుచు, ఏండ్లు గడపిన యువకులు వీరు. పని నేర్చినారా అనిన నేర్చినారు. కాని కృతకాలము లేదు, భోజనము లేదు, నేర్పవలసిన ఆచార్యుడు లేడు, నేర్పనందుకు దండము లేదు. నారదుడు వేరుచేసిన అంతేవాసి, భృతకుడు అను ఇద్దరి భారములను ఒకరి మీద వేసి, ఇద్దరి హక్కులను తీసివేసినట్లైనది. నేటి జీతము లేని ఇంటర్న్‌షిప్పులలో చాల భాగమునకు నిజమైన పూర్వీకుడు ఈ ఉమేదువారేయని నేను తలంతును. గురుకులము పేరు వాటికి పెట్టుట అన్యాయము.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయము ఏర్పడినది. మొదటి దశాబ్దములలో దాని ప్రధానకార్యము పరీక్షలు జరిపి పట్టములు ఇచ్చుటయే. విద్య కళాశాలలో, పరీక్ష విశ్వవిద్యాలయములో, పని కచేరీలో అని మూడు వేర్వేరు ఇండ్లైనవి. దీనిని చూచి సహింపలేని తెలుగువారు కొందరు 1910లో మచిలీపట్టణమున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినారు. న్యాయవాదవృత్తిని వదులుకొని వచ్చిన కోపల్లె హనుమంతరావు దానికి ప్రాణము. ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆయనకు తోడు. అచ్చట సాహిత్యము, చరిత్రలతోపాటు వడ్రంగము, కమ్మరము, నేత, చిత్రకళ బోధించినారు. ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళకు ఆచార్యుడైనాడు. అడివి బాపిరాజు ఆ వాతావరణములో రూపుదిద్దుకొన్నవాడు. ప్రభుత్వోద్యోగమునకు ఆ పట్టము పనికిరాదని తెలిసియు బిడ్డలను పంపిన తల్లిదండ్రుల త్యాగమును మనము సరిగా లెక్కింపలేదు.

దాదాపు అదే కాలమున, 1906లో, అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు ఇరువదియేడుగురు ఇంజనీరింగు విద్యార్థులతో ఒక ప్రయోగము ఆరంభించినాడు. ఒక వారము తరగతి, ఒక వారము కర్మాగారము. ప్రపంచమున నేడు సహకారవిద్యగా వ్యాపించినది ఆ ప్రయోగమే. భారతదేశములో 1973లో పిలానీ బిట్స్ ఆరంభించిన ప్రాక్టీస్ స్కూలు ఆ మార్గములోనిది. వైద్యవిద్యలో ఒక సంవత్సరపు హౌస్‌సర్జన్ శిక్షణయు, చార్టర్డ్ అకౌంటెన్సీలో ఆర్టికల్‌షిప్పును ఇటువంటివే. ఆర్టికల్‌షిప్‌లో నిర్ణీతకాలము, వ్రాతపూర్వకమైన ఒప్పందము, కనీస భృతి మూడును ఉన్నవి. యాజ్ఞవల్క్యుడు దానిని గుర్తుపట్టియుండును.

ఇంతవరకు చెప్పినదంతయు చదువుకొనువాడు పని నేర్చుటను గూర్చి. దీనికి తలక్రిందులైన చరిత్రయొకటి మార్కాపురమున ఉన్నది. దానిని చెప్పక ఈ వ్యాసము ముగించుట ధర్మము కాదు.

మార్కాపురము పలకల ఊరు. కంభము శిలాశ్రేణికి చెందిన పలకరాయి ఈ నేలలో పొరలు పొరలుగా ఉన్నది. రాతిని తీసి, పొరలు విడదీసి, కోసి, నున్నగా చేసి, చెక్కచట్రము బిగించి పలకలు చేసినారు. తెలుగుదేశములో అక్షరాభ్యాసము జరిగిన ఎన్నో ఇండ్లలో బియ్యము పళ్లెము ప్రక్కన పెట్టిన పలక ఈ రాతిదే. సరస్వతిని ఆవాహన చేసి ఓంకారము దిద్దించిన ఆ పలకను చేసిన చేతులలో పసిబిడ్డల చేతులు కూడ ఉండెను. మార్కాపురపు పలకల పరిశ్రమలో బాలకార్మికులు ఎంతగా ఉండిరనగా, 1988లో కేంద్రప్రభుత్వము జాతీయ బాలకార్మిక పథకమును ఆరంభించినపుడు మొదటి దశలో ఎన్నుకొన్న కొద్ది చోట్లలో మార్కాపురము ఒకటి. ఇతరుల బిడ్డలు అక్షరము దిద్దుకొను పలకను చేసిన బిడ్డకు అక్షరము రాలేదు.

ఆ బాలునికి పని అనుభవము లేదందుమా? కావలసినంత ఉన్నది. రాతిపొర ఎక్కడ విడునో అతని వ్రేలికి తెలియును. అయినను అతడు అంతేవాసి కాడు. అతని కృతకాలమునకు అంతము లేదు, ఆ పని చివర నేర్చిన శిల్పముతో ప్రదక్షిణము చేసి మరలు రోజు లేదు. పైగా రాతిధూళి ఊపిరితిత్తులలో చేరును. పని విద్య కావలెనన్నచో దానిలో నేర్పువాడు, గడువు, పైమెట్టు ఉండవలెను. ఇవి లేని పని పనియే. ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకములు వచ్చి రాతిపలకకు గిరాకి తగ్గినది. ఆ పరిశ్రమ ఇప్పుడు చాలవరకు గృహనిర్మాణపు రాయి వైపు తిరిగినది.

ఆ తరమువారి మనుమలు, మనుమరాండ్రు నేడు డిగ్రీ చదువుచున్నారు. వారికి పదినెలల పని నిర్బంధము. మొదటి సంవత్సరము పిమ్మట 180 గంటల సమాజసేవా ప్రాజెక్టు, రెండవ సంవత్సరము పిమ్మట స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్, చివర ఒక సెమిస్టరంతయు పనిస్థలములో. హైదరాబాదులోనో విశాఖలోనో ఉన్న విద్యార్థికి సంస్థలకు కొదువ లేదు. పెద్దారవీడు నుండి బస్సెక్కి మార్కాపురము కళాశాలకు పోవు అమ్మాయి ఎక్కడ ఇంటర్న్ కావలెను? పట్టణమున గదికి అద్దె ఎవరు కట్టవలెను? గురుగృహమున భోజనమని నారదుడు వ్రాసిన చిన్నమాట ఎంత పెద్దదో ఇక్కడ తెలియును. భోజనము పెట్టని శిక్షణ ధనికుల బిడ్డలకే దక్కును.

ఈ ఇబ్బందిని ఆసరాగా చేసికొని కొంత రుసుము పుచ్చుకొని ఇంటికే ఇంటర్న్‌షిప్ పత్రము పంపు వ్యాపారము పుట్టినది. పని లేదు, నేర్పువాడు లేడు, పత్రము మాత్రము రంగులతో ఉన్నది. కొన్నిటి మీద కర్మకౌశలమును గూర్చిన గీతావాక్యము ముద్రించుట ఇంకొక విచిత్రము. ద్వితీయాధ్యాయములోని ఆ మాటను శంకరభగవత్పాదులు వ్యాఖ్యానించినపుడు చురుకుదనమును, చాకచక్యమును చెప్పలేదు. స్వధర్మమును ఆచరించుచు ఈశ్వరార్పితచిత్తముతో ఫలములయందు సమబుద్ధి నిలుపుటయే అచ్చట కౌశలము. చేయని పనికి పుచ్చుకొన్న పత్రము మీద ఆ మాట ఎట్లు నిలుచును?

చట్టము ఈ విషయమున కాత్యాయనునికి మనము అనుకొనుదానికంటె దగ్గరగానే ఉన్నది. 1961 అప్రెంటిసుల చట్టము అప్రెంటిసును శిక్షణార్థిగా నిర్వచించి, కార్మికుడు కాడని చెప్పినది. అంతేవాసి భృతకుడు కాడను పాత గీతయే అది. ఒప్పందము నమోదు కావలెను, భృతి ఈయవలెను. ముప్పదవ సెక్షనులో, శిక్షణతో సంబంధము లేని పని అప్రెంటిసుచేత చేయించిన యజమానికి జరిమానా విధించినారు. 1973 సవరణతో ఇంజనీరింగు పట్టభద్రులు, 2014 సవరణతో ఇతర పట్టభద్రులు కూడ ఆ చట్టము పరిధిలోనికి వచ్చినారు. అయితే కళాశాల ద్వారా జరుగు సాధారణ ఇంటర్న్‌షిప్ ఈ చట్టము క్రిందికి తనంతట రాదు. ఆ ఒప్పందములో ఏముండవలెనో విద్యార్థియు, కళాశాలయు అడిగి తెలిసికొనవలసినదే. ఎంతకాలము, ఎవరు నేర్పుదురు, ఏమి నేర్పుదురు, దారిఖర్చు ఎవరిది అను నాలుగు ప్రశ్నలు అడుగుటకు సిగ్గుపడనక్కరలేదు.

పనికి దూరము పోలేని విద్యార్థికి సొంత మండలము చిన్నదిగా తోచును. నాకు అట్లు తోచదు. పశ్చిమ ప్రకాశములో భూగర్భజలమున ఫ్లోరైడు సమస్య దశాబ్దములనాటిది. ఒక రసాయనశాస్త్ర విద్యార్థిని తన గ్రామపు బోరుబావుల నీటిని సేకరించి, కళాశాల ప్రయోగశాలలో పరీక్షించి, ఏ వీధిలో ఏ బోరు త్రాగుటకు యోగ్యమో పట్టిక వేసి గ్రామ సచివాలయమునకు ఇచ్చినచో, ఆమెకు కలిగిన అనుభవమును ఏ పత్రము కొనిపెట్టగలదు? వాణిజ్యవిద్యార్థి పాలసంఘపు లెక్కలు, ఆలయపు రాబడి ఖర్చుల పుస్తకము, ఎరువుల అంగడి సరకు పట్టీ వ్రాయవచ్చును. చరిత్ర విద్యార్థి త్రిపురాంతకమున శాసనములను ప్రచురిత పాఠములతో పోల్చి చదువుట నేర్వవచ్చును. ఉద్యోగపు ముఖాముఖిలో ఏమి చేసితివని అడిగినపుడు ఇట్టివారికి చెప్పుటకు మాట ఉండును. నా పట్టికలో మూడు బోర్ల లెక్క మొదట తప్పుగా వచ్చినది, మరల పరీక్షించితినని చెప్పగలిగిన అభ్యర్థిని ఎదుటివారు శ్రద్ధగా వినకపోరు.

అధ్యాపకుల పాత్ర ఇక్కడ ఎక్కువ. ఒక్క అధ్యాపకుని క్రింద పదులకొలది విద్యార్థులను ఉంచి, చివరిలో నివేదికల కట్టను తూచి మార్కులు వేయుట జరుగుచున్న చోట్ల, వారిని నిందించుటకంటె ఆ భారమును తగ్గించుట అవసరము. ఉపకోసలుని కథలో ఆచార్యపత్ని అడిగినట్లు అడుగువారు కళాశాలలో ఒకరైనను ఉండవలెను. తల్లిదండ్రులు ఆ పని చేయవచ్చును. మా వాడు ఈ రెండు నెలలలో ఏమి నేర్చినాడని అడుగుటకు ఆంగ్లము రానక్కరలేదు.

ఉన్నతవిద్యామండలి విద్యార్థులకిచ్చు ప్రాజెక్టు పుస్తకములో ప్రతిదినము పూరింపవలసిన పట్టికయొకటి ఉన్నది. తేదికి ఒక గడి, ఆనాడు చేసిన పనికి ఒక గడి, దానివలన నేర్చినదానికి ఒక గడి, బాధ్యుని సంతకమునకు ఒక గడి. మొదటి రెండును సులభముగా నిండును. సంతకమును ఒకేరోజున వరుసగా పెట్టించుకొనవచ్చును. మూడవ గడిని మాత్రము ఆ దినము సాయంకాలమే, ఆ విద్యార్థియే వ్రాయవలెను.